వంటింటి గుమ్మం దగ్గరి టైలు

ఆ గదిలో ఉండే నలుగురూ ఇళ్ళు బాగుచేసే పనివాళ్ళని చెబితే, గది చూసినవాళ్ళెవరూ నమ్మరు. గోడల మీది సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచాల మీద పడుతుంటుంది, నలుగురిలో ఒకడు పెయింటరు. కుళాయి పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది, ఒకడు ప్లంబరు. స్విచ్చు వేస్తే బల్బు కాసేపు ఆలోచించుకుని గానీ వెలగదు, ఒకడు ఎలక్ట్రీషియను. ఇక నేల సంగతి చెప్పనే అక్కర్లేదు. గతుకుల సిమెంటు నేల, చీపురు పెడితే చెత్త కంటే సిమెంటే ఎక్కువ లేస్తుంది. ఆ నేల మీద చాప పరుచుకుని పడుకునే నాలుగోవాడు, పెద్ద పెద్ద ఇళ్ళకు అద్దంలాంటి ఫ్లోరింగు వేసే టైల్స్ మేస్త్రీ. రోజంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు బాగుచేసి వచ్చాక సొంత గది బాగుచేసుకోవడం కూలి లేని చాకిరీ అని నలుగురూ ఎప్పుడో తేల్చేశారు. మిగతా ఏ విషయంలోనూ ఒకరి మాట ఒకరికి పడదు గానీ, ఈ విషయంలో మాత్రం ఇంతవరకూ ఎవరూ మాట మార్చలేదు.

అయితే ఒక్క గోడకు మాత్రం యోగం పట్టింది. ఫోనులో ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు వెనకాల కనిపించే గోడ అది. పెయింటరు డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ కలిపి దానికి లేత నీలం వేశాడు. అదీ గోడ మొత్తానికి కాదు, ఫోనులో పట్టేంత మేరకే. ఆ నీలం ముక్క ముందు ఒక స్టూలు, పక్కనే ఎవరో ఫ్లాటువాళ్ళు వద్దని పారేసిన ప్లాస్టిక్ పూలకుండీ. ఇంటికి ఫోను చేయాలంటే ఎవరైనా అక్కడే కూర్చోవాలి, కూర్చున్నాక కదలకూడదు. కాస్త కుడికి ఒరిగితే పెచ్చులు, ఎడమకు ఒరిగితే తాడు మీద బనీన్లు. అవతల నాలుగు కుటుంబాలూ తమవాడు రంగులేసిన ఇంట్లో పూలకుండీ పక్కన దర్జాగా ఉన్నాడని, కాకపోతే ఈమధ్య మెడ పట్టేసినట్టుందని అనుకుంటూ వచ్చాయి.

టైల్స్ మేస్త్రీని అందరూ లెవెలన్న అంటారు. ఆ పేరు విని, ఈయనకు లెవెలెక్కువ కాబోలు అనుకుని వచ్చినవాళ్ళు, మోకాళ్ళ దగ్గర సిమెంటు అట్టలు కట్టిన ప్యాంటు చూసి నిరాశపడేవారు. అసలు కారణం ఆయన చొక్కా జేబులో ఉండే చిన్న రసమట్టం. గాజు గొట్టంలోని బుడగ మధ్యకు వచ్చి నిలబడితే అది పెట్టిన చోటు సమంగా ఉన్నట్టు, పక్కకు జారితే లేనట్టు. పనిలోకి వెళ్ళేటప్పుడు ఏ మేస్త్రీ దగ్గరైనా ఆ పనిముట్టు ఉంటుంది. టీ కొట్టు బల్ల మీదా, డాక్టరు గారి టేబుల్ మీదా, బస్సు సీటు మీదా పెట్టి చూసి పెదవి విరిచేది మాత్రం ఈయనొక్కడే. ఒకసారి చావు ఇంటికి పరామర్శకు వెళ్ళారు. అందరూ తలలు వంచుకుని కూర్చుంటే తనూ వంచుకుని, వరండా వాలు లోపలికి పెట్టారు, వానొస్తే కొంప మునుగుతుంది అని పెయింటరు చెవిలో ఊదాడు. మనిషి చెడ్డవాడు కాదు. కళ్ళు ఎప్పుడూ నేల మీదే ఉంటాయి, అంతే.

పెళ్ళయిన కొత్తలో మగవాళ్ళు భార్యలను సినిమాలకూ షికార్లకూ తీసుకెళ్తారు. లెవెలన్న ఆవిణ్ణి తాను అప్పుడే ఫ్లోరింగు పూర్తిచేసిన ఒక ఖాళీ ఇంటికి తీసుకెళ్ళాడు. చేతికొక చెంచా ఇచ్చి గొంతుక్కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. టైలు మీద కొడితే టక్ మంటే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు, డొబ్ మంటే కింద గాలి ఉన్నట్టు, దాన్ని డొల్ల అంటారు, డొల్ల టైలు ఇవాళ కాకపోతే రేపైనా పగులుతుంది, అందుకని తీసి మళ్ళీ వేయాలి. కొత్త బట్టలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చిన కొత్త పెళ్ళికూతురు ఆ సాయంత్రమంతా చెంచాతో నేలను వాయిస్తూ కూర్చుంది. విచిత్రమేమిటంటే ఆవిడకు అది నచ్చింది. ఒక మూలన ఉన్న డొల్లను ఆయన కంటే ముందే పట్టేసింది కూడా.

ఆ సంతోషంలో లెవెలన్న ఒక మాట ఇచ్చేశాడు. మన ఇంటికి కూడా నేనే వేస్తాను, నా చేత్తోనే వేస్తాను, ఇంకొకడి చెయ్యి పడనివ్వను అన్నాడు. మాట తప్పే మనిషి కాదు కాబట్టి కొన్నాళ్ళకు తెల్లటి టైల్స్, సన్నటి బూడిదరంగు చారలున్నవి, ఏరి కోరి కొని పెట్టెలు హాల్లో దింపించాడు. ఇక వేయడమొక్కటే తరువాయి. ఈలోగా పని కోసం దూరం రావలసి వచ్చింది, తరువాయి తరువాయిగానే ఉండిపోయింది. పెట్టెల మీద దుప్పటి పరిస్తే దివాను అయింది, టీవీ పెడితే స్టాండు అయింది, కూతురికి బడి వయసు వచ్చాక పుస్తకాల బల్ల అయింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ టైల్స్ మీదే కూర్చుని, ఆ ఇంటావిడ పెట్టిన కాఫీ తాగుతూ, మీ ఆయన టైల్స్ వేస్తాడట కదా అని అడిగేవారు. వేస్తారు అని ఆవిడ జవాబు. అది రోజూ చేసే పని గురించి చెప్పడమో, ఎప్పుడో చేయబోయే పని గురించి చెప్పడమో అడిగినవాళ్ళకు తెలిసేది కాదు. చెప్పినావిడకు మాత్రం బాగా తెలుసు.

పండగొస్తే కంట్రాక్టరు నలుగురిలో ఒక్కడికి మాత్రమే సెలవిస్తాడు. మిగతా ముగ్గురికీ పండగ రోజొక్కటీ ఆటవిడుపు, ఆ ఒక్క రోజులో ఇంటికెళ్ళి రావడం మాట దేవుడెరుగు, బస్టాండు చూసి రావచ్చు. అందుకని వంతులు పెట్టుకున్నారు. ఈ పండగకు వంతు లెవెలన్నది. కానీ ఆయన ఆ వంతును కొత్తగా పెళ్ళయిన ఎలక్ట్రీషియనుకు ఇచ్చేశాడు. కరెంటు తమ్ముడు కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. పెయింటరైతే ఈ కాలంలో ఇలాంటి మనిషి ఉంటాడా అని ముక్కు మీద వేలేసుకున్నాడు. లెవెలన్న ఆ పొగడ్తలన్నీ తల వంచుకుని భరించాడు. ఇంటికి మాత్రం ఫోను చేసి, ఈసారి సెలవు దొరకలేదు అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాడు.

త్యాగమూర్తి బండారం ఏమిటంటే, ఆయనకు ఇంటికి వెళ్ళాలంటే భయం. ఎదుటివాళ్ళు నవ్వుతారని ఎవరితోనూ చెప్పుకోని భయం. పోయినసారి వెళ్ళినప్పుడు భార్య కొత్త తువ్వాలు మడత పెట్టి చేతికిచ్చింది, చుట్టాలకు ఇచ్చినట్టు. మంచినీళ్ళు అడిగితే ట్రేలో పెట్టి తెచ్చింది. బాత్రూములో స్విచ్చు కోసం తడిమితే గోడ ఖాళీగా తగిలింది, బోర్డు ఎప్పుడో అవతలి వైపుకు మార్పించారట. తన ఇంట్లో తను స్విచ్చెక్కడని కేకేసి అడగాల్సి వచ్చింది. ఇవన్నీ సర్దుకుపోయేవాడే. కానీ రెండో రోజు కూతురు పక్కన కూర్చుని, నాన్నా, మా ఇంట్లో ఎన్ని రోజులుంటావు అని అడిగింది. పిల్ల ప్రేమగానే అడిగింది. మన ఇంట్లో అనాల్సిన చోట మా ఇంట్లో అంది, అంతే. ఆ చిన్న మాట తేడా ఇంట్లో ఇంకెవరికీ వినపడలేదు. నేలలో వెంట్రుకవాసి తేడాను కూడా పట్టే మనిషికి మాత్రం వినపడింది.

అప్పటినుంచీ ఆయనకు మిగిలిన ధైర్యమల్లా హాల్లోని పెట్టెలే. ఆ టైల్స్ తను వెళ్ళి వేసేదాకా ఆ ఇంటికి తన అవసరం ఒకటి మిగిలి ఉన్నట్టే. ఇప్పుడే వెళ్ళి వేసేస్తే ఆ అవసరం కూడా తీరిపోతుంది. కాబట్టి వెళ్ళకపోవడమే క్షేమమని లెక్క వేసుకున్నాడు. నేల కొలతల్లో ఎన్నడూ తప్పు చేయని మనిషి చేసిన లెక్క అది.

పండగ రోజు పొద్దున్నే కంట్రాక్టరు ముగ్గురికీ తలా ఒక టీ షర్టు పంపించాడు. ముందువైపు శుభాకాంక్షలు, వీపు మీద వాళ్ళ కంపెనీ పేరు, ఏ రిపేరుకైనా సంప్రదించండి అని ఫోను నంబరు. పండగ పూట కొత్త బట్టలు లేవని ఎవరూ అనకుండా, తనకు ప్రచారం కూడా జరిగేలా చూసుకున్న ఆ మహానుభావుడి దూరదృష్టిని ముగ్గురూ కాసేపు కొనియాడి, స్నానాలు చేసి ఆ చొక్కాలే తొడుక్కున్నారు. ఇంటివాళ్ళకు ఫోనులో ముందువైపే కదా కనిపించేది.

వంట పెయింటరుది. ముగ్గురిలో పెద్దవాడు, మిగతావాళ్ళు బాబాయి అని పిలుస్తారు. ఏ పని చేసినా రంగులు కలుపుతున్నట్టే చేస్తాడు. కూరలో కారం వేసి, గరిటెతో తీసి గోడకేసి చూసినట్టు వెలుతురులో పెట్టి చూసి, ఇంకో షేడు ముదరాలి అంటాడు. మాంసం కూర చివరికి ఇటుక రంగుకు వచ్చాక గానీ ఆయనకు తృప్తి కలగలేదు. ప్లంబరు ఉల్లిపాయలు తరిగే నెపంతో ఏడ్చాడు. ఆ ఏడుపులో సగం ఉల్లిపాయలది కాదని మిగతా ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అడగలేదు. లెవెలన్న ఊరుకుంటాడా, స్టవ్వు మీద రసమట్టం పెట్టి, ఎడమ వైపు పల్లం, కూర ఒక పక్కే మాడుతుంది అని ప్రకటించి స్టవ్వు కాలి కింద అట్టముక్క పెట్టబోయాడు. పెయింటరు గరిటె ఎత్తేసరికి వెనక్కి తగ్గాడు. తరవాత ముగ్గురూ నవ్వుకున్నారు. ఎంత వెటకారం చేసుకున్నా, ఆ గదిలో ఆ నవ్వు లేకపోతే పండగ రోజున ముగ్గురూ మూడు మూలల్లో గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళే.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఫోన్ల కార్యక్రమం. ప్లంబరు మొదట కూర్చున్నాడు. పైపుల లీకులు ఆపడంలో అతన్ని మించినవాడు లేడు, నోటి లీకు ఆపుకోవడం మాత్రం అతని వల్ల కాదు. ఏమేం వండారని వాళ్ళమ్మ అడిగితే వండినవీ వండనివీ ఏకరువు పెట్టి, వెనకాల కంట్రాక్టరు గారు కూడా మాతో కలిసి భోంచేస్తున్నారని ఒక అబద్ధం చేర్చి, అరుగో అని చూపించబోయి నాలుక కరుచుకున్నాడు. తరవాత పెయింటరు కొడుకుతో మాట్లాడాడు. మెడ తిప్పకుండా, చేతులు ఊపకుండా, గుర్తింపు కార్డుకు ఫొటో దిగుతున్నట్టు కూర్చుని, కులాసానే, ఇక్కడ అంతా బాగుంది అన్నాడు. కొడుకు కూడా అక్కడ అంతా బాగుందన్నాడు. ఇద్దరికీ అంతకంటే మాటలు దొరకలేదు.

చివరకు లెవెలన్న స్టూలెక్కాడు. ఫోను తీయగానే తెర నిండా కూతురి ముక్కు కనపడింది. పిల్ల ఉత్సాహం పట్టలేక ఊగిపోతోంది. నాన్నా ఒక సర్‌ప్రైజు, కళ్ళు మూసుకో అంది. ఆయన మూసుకున్నాడు. మిగతా ఇద్దరూ కూర గిన్నె మధ్యలో పెట్టుకుని, ఫోనులో కనపడే మేరలోకి రాకుండా పక్కన చేరారు.

"ఇప్పుడు తెరువు. మా ఇల్లు చూడు నాన్నా."

కళ్ళు తెరిచాడు. తెర మీద నేల. తెల్లటి నేల, సన్నటి బూడిదరంగు చారలు. గోడ నుంచి గోడ వరకు అతుకు తెలియకుండా పరుచుకుని, కిటికీ వెలుతురు పడి మెరుస్తోంది. దివాను లేదు, టీవీ స్టాండు లేదు, పెట్టెలు ఏవీ లేవు.

బావమరిది ముఖం తెరలోకి వచ్చింది. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టుకుని, తనకు రాని పనులన్నీ కుర్చీ వేసుకుని పక్కవాళ్ళతో చేయించడంలో ఆరితేరినవాడు.

"ఎలా ఉంది బావా? మేస్త్రీని నేనే పట్టుకొచ్చా. అక్క నీకు చెప్పొద్దంది, పండక్కి ఒకేసారి చూపిద్దామని."

మామూలుగా అయితే కూతురి కొత్త గౌను చూడాలి, భార్యను పలకరించాలి, బావమరిదిని మెచ్చుకోవాలి. లెవెలన్న కళ్ళు మాత్రం తెర మీది గీతల వెంట పరుగెడుతున్నాయి. చారలు ఒకదానికొకటి కలిశాయా, మూలలు మట్టంగా ఉన్నాయా, గుమ్మాల దగ్గర ముక్కలు పెట్టి సరిపెట్టారా. ఒక్క తప్పు దొరికితే చాలు. ఒక్క వంకర గీత దొరికినా ఇవాళ్టి పండగ గడిచిపోతుంది. ఫోను అటు తిప్పు, ఇటు తిప్పు, కిందికి దించు అని పిల్లచేత ఇల్లంతా తిప్పించాడు. ఏమీ దొరకలేదు. ఇంత పనిమంతుడు వాళ్ళకు ఎక్కడ తగలడ్డాడో అర్థం కాలేదు.

"చెంచా తీసుకురామ్మా," అన్నాడు చివరికి.

తరవాత జరిగింది ఏ ఇంట్లోనూ ఏ పండక్కీ జరిగి ఉండదు. అక్కడ పిల్ల మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో టైలునూ చెంచాతో కొట్టింది, వాళ్ళమ్మ వెనకాలే ఫోను పట్టుకుని నడిచింది. ఇక్కడ లెవెలన్న ఫోనును చెవికి ఆనించుకుని కాసేపు, స్పీకరు పెట్టి కాసేపు విన్నాడు. కుళాయి చప్పుడు అడ్డు వస్తోందని కసిరితే ప్లంబరు వెళ్ళి దాని కింద గుడ్డ పెట్టి వచ్చాడు. టక్. టక్. టక్. చల్లారిపోతున్న కూర చుట్టూ ముగ్గురు మగవాళ్ళు ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఒక్క డొబ్ మనే చప్పుడు కోసం లెవెలన్న పడిన ఆరాటం చూస్తే, కింద బంగారం పాతిపెట్టాడేమో అనిపిస్తుంది. హాలు అయిపోయింది. పడగ్గది అయిపోయింది. వరండా కూడా అయిపోయింది. అన్నీ నిండే.

"బాగా వేశాడు," అన్నాడు లెవెలన్న.

ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీ పనిని మెచ్చుకోవడం అంత తేలికగా జరిగేది కాదు. ఆ రెండు మాటలూ ఆయన గొంతులోంచి ఎంత కష్టపడి బయటికొచ్చాయో పక్కనున్న ఇద్దరికీ తెలిసింది. పెయింటరు భుజం మీద చెయ్యి వేశాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ప్లంబరుకు మిత్రుణ్ణి ఓదార్చాలనిపించింది. స్పీకరు ఇంకా మోగుతోందన్న సంగతి మరిచిపోయాడు.

"పోన్లే అన్నా. వంతు నీదే కదా, వాడికి ఇవ్వకుండా నువ్వే వెళ్ళుంటే ఈ పని నువ్వే చేసుండేవాడివి."

అవతల చెంచా చప్పుడు ఆగిపోయింది. పెయింటరు ప్లంబరు వంక చూసిన చూపుకు మామూలు మనిషైతే అక్కడికక్కడే గోడకు అతుక్కుపోవాలి. తెరలో నేల పోయి, భార్య ముఖం వచ్చింది.

"వంతు మీదా?" అంది. "సెలవు దొరకలేదన్నారు."

సిగ్నలు సరిగా లేదనవచ్చు. ఫోను జారి పడిందనవచ్చు. అలాంటివి చెప్పడం ఆ గదిలో అందరికీ వెన్నతో పెట్టిన విద్య. లెవెలన్న ఆ నీలం గోడ ముందు మెడ తిప్పకుండా కూర్చుని, మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేనొచ్చి అక్కడ చేసేదేముంది? పోయినసారి మంచినీళ్ళడిగితే ట్రేలో పెట్టిచ్చావు. స్విచ్చెక్కడుందో నాకు తెలీదు. మీకందరికీ నేను లేకుండానే అలవాటైపోయింది. ఆ నేలొక్కటి నాకు మిగిలిందనుకున్నా. అదీ అయిపోయింది."

చెప్పేశాక ఆయనకే సిగ్గేసింది. నలభై ఏళ్ళ మనిషి, వీపు మీద కంపెనీ ఫోను నంబరు వేసుకుని, ట్రేలో నీళ్ళిచ్చారని అలిగాడు. ఇద్దరు స్నేహితులూ కూర గిన్నెలోకి చూస్తూ కూర్చున్నారు. లేచి బయటికి పోదామంటే ఫోనుకు అడ్డం వెళ్ళాలి.

భార్యకు కోపం వచ్చింది. కోపంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది, దాన్ని మింగుకుంది.

"మీరొచ్చిన ప్రతిసారీ ఆ పెట్టెల చుట్టూ తిరుగుతూ, ఇప్పుడు వేస్తా, మళ్ళీ వచ్చినప్పుడు వేస్తా అని వెళ్ళేదాకా అదే గోల. వేసినా ఏముంది, ఉన్న నాలుగు రోజులూ ఇక్కడ కూడా మోకాళ్ళ మీదే ఉంటారు. ఆ పనేదో అయిపోతే ఒక్కసారైనా వచ్చి కుర్చీలో కూర్చుంటారు కదా అని వేయించాను. పని లేకుండా చేస్తే వస్తారనుకున్నాను. పనుంటే గానీ రాని మనిషని నాకేం తెలుసు?"

ఇన్నాళ్ళూ ఆ పెట్టెలు తనను ఇంటికి కట్టి ఉంచిన తాడని లెవెలన్న అనుకున్నాడు. అవి దారికి అడ్డమని ఆవిడ అనుకుంది. ఒకే హాల్లో ఉన్న ఒకే పెట్టెలు.

"అంతేగా. పనుంటే వస్తారు," అంది ఆవిడ మళ్ళీ. గొంతు ఈసారి మామూలుగా ఉంది. "చెంచా ఇలా ఇవ్వవే."

తెర ఊగింది. ఆవిడ నడుస్తోంది. వంటింటి గుమ్మం కనపడింది, గుమ్మం ముందు టైలు కనపడింది. ఆవిడ గొంతుక్కూర్చుంది, చాలా ఏళ్ళ కిందట ఒక ఖాళీ ఇంట్లో కూర్చున్నట్టే. చెంచాతో ఆ టైలు మీద గట్టిగా కొట్టింది.

టక్.

"ఇది డొల్ల," అంది.

ఆ శబ్దం గదిలో ముగ్గురూ విన్నారు. టైల్స్ పనికీ తనకూ ఏ సంబంధమూ లేని పెయింటరుకు కూడా, లెవెలన్నతో కాపురం చేసిన పుణ్యాన, అది ఎంత నిండైన శబ్దమో తెలుసు. ఆ ఇంట్లో కొట్టిన టైల్స్ అన్నిటిలోకీ అదే నిండుగా మోగింది. అవతల బావమరిదికి రోషం వచ్చింది, అదెక్కడ డొల్లక్కా, నేను దగ్గరుండి వేయిస్తే అన్నాడు. నువ్వు ఊరుకోరా అని ఆవిడ కసిరింది. ఇవతల ప్లంబరు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే సిద్ధంగా ఉన్న పెయింటరు అందులో పెద్ద మాంసం ముక్క కుక్కాడు.

"ఇంకోసారి కొట్టు," అన్నాడు లెవెలన్న.

ఆవిడ కొట్టింది. టక్. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. జీవితంలో ఏ టైలు గురించీ అబద్ధం చెప్పని మనిషి. ఓనర్లు బతిమాలినా, కంట్రాక్టర్లు కళ్ళెర్ర చేసినా, ఉన్నది ఉన్నట్టు చెప్పి పని పోగొట్టుకున్న మనిషి.

"డొల్లే," అన్నాడు. "అలాగే వదిలేస్తే పగులుతుంది. తీసి మళ్ళీ వేయాలి. ఇంకెవరి చేతా ముట్టించకు. కరెంటు తమ్ముడు రాగానే కంట్రాక్టరుతో చెప్పి బయల్దేరతా."

"తొందరేం లేదు, నెమ్మదిగానే రండి," అంది ఆవిడ. "డొల్ల ఎక్కడికీ పారిపోదు."

అని, నవ్వకుండా ఉండడానికి ముఖం పక్కకు తిప్పుకుంది. ముఖం తిప్పితే కళ్ళు తుడుచుకోవడం కూడా కనపడదని అనుకుంది గానీ, అక్కడ ఫోను గోడ లాంటి ఏర్పాట్లేవీ లేవు కాబట్టి అంతా కనపడింది. లెవెలన్న కూడా తన నీలం ముక్క సంగతి మరిచిపోయి ముందుకు వంగాడు. వెనకాల పెచ్చులూడిన గోడా, తాడు మీద బనీన్లూ, మాంసం ముక్కతో బుగ్గ ఉబ్బిన ప్లంబరూ వరసగా అవతలివాళ్ళకు కనపడ్డారు. ఇన్నాళ్ళ పరువూ ఆ ఒక్క వంగడంతో పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

పెయింటరు ముగ్గురి కంచాల్లోకీ కూర వడ్డించడం మొదలుపెట్టాడు. కూర నిజంగానే ఒక పక్క మాడింది.

ఫోను పెట్టేసే ముందు, ఏదో ఈడుస్తున్న చప్పుడు వినపడింది. కూతురు మళ్ళీ తెరలోకి వచ్చింది, రొప్పుతోంది.

"నాన్నా, మన ఇంట్లో ఆ ఒక్క టైలే కదా పాడైంది. దాని మీద కుర్చీ వేశా, నువ్వొచ్చేదాకా ఎవరూ తొక్కకుండా."

ఫోను అటు తిప్పి చూపించింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా, ఇల్లంతటిలోకీ నిండైన టైలు మీద, ఖాళీ కుర్చీ ఒకటి కాస్త వంకరగా నిలబడి ఉంది. లెవెలన్న దాన్ని చూస్తూ ఉండిపోయాడు. వంకరగా ఉందని మాత్రం చెప్పలేదు.